రేపటి కీర్తన ఈ రాత్రే చూసుకోండి

ఇంగ్లండ్‌లో డిగ్రీ చదువుతూ కతీడ్రల్ (పెద్ద చర్చి) క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, పాడేవాళ్లకి అసలు టెన్షన్ ఆ రోజు పాడాల్సిన బైబిల్ కీర్తనతోనే. క్లాసు నుంచి నేరుగా రిహార్సల్‌కి పరిగెత్తితే, ఉన్న కాస్త టైమూ యాంథమ్‌కే (క్వయర్ పాడే భక్తిగీతానికే) సరిపోతుంది.

ఇంగ్లండ్ చర్చి ఆరాధన పుస్తకమైన కామన్ ప్రేయర్ పుస్తకం 150 కీర్తనల్ని 30 రోజులకి, ఉదయం, సాయంత్రం అని పంచిపెట్టింది. తేదీ చూస్తే రేపటి కీర్తన తెలిసిపోతుంది. 31వ తేదీ వస్తే 30వ తేదీవే మళ్లీ. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన, 70కి పైగా వచనాలు! దానికి మాత్రం రెండు రోజుల ముందే కూర్చోండి.

మామూలు రోజుల్లో ముందురోజు రాత్రి పది నిమిషాలు చాలు. చాంట్‌లో (వచనాల్ని పాడే చిన్న రాగంలో) మీ గొంతుకి వచ్చే పార్ట్ ఒక్కటే, మాటలు లేకుండా, రెండుసార్లు హమ్ చేయండి. తర్వాత రాగం వదిలేసి, వచనాల్ని మాట్లాడినట్టే పైకి చదవండి. నాలుక తడబడిన చోట, ఒకే స్వరంలో మూడు నాలుగు అక్షరాలు ఇరుక్కున్న చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. గీతలున్న వచనాలే పాడండి, మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి.

ఒక్క జాగ్రత్త. పండగ రోజుల్లో వేరే కీర్తనలుంటాయి, చాలాచోట్ల పెద్దవాటిని కుదిస్తారు కూడా. అందుకే కతీడ్రల్ మ్యూజిక్ లిస్ట్ చూశాకే మొదలుపెట్టండి. ఏ అక్షరాలు ఏ స్వరంలో పాడాలో చూపే విరుపు కూడా పుస్తకానికో రకం, మీ క్వయర్ వాడేదే తీసుకోండి.