రొమ్ము పునర్నిర్మాణ సర్జరీ తర్వాత ఇంట్లో డ్రెయిన్ చూసుకోవడం ఎలా?

డిశ్చార్జ్ రోజున అందరూ మందుల చీటీ గురించే నాలుగు సార్లు అడుగుతారు. పక్కన వేలాడుతున్న ప్లాస్టిక్ బల్బు సంగతి చెప్పబోతే "ఆ, తెలిసింది సిస్టర్" అనేస్తారు. మూడో రోజు ఫోన్: "డ్రెయిన్‌లో ఏమీ రావట్లేదు, తగ్గిపోయినట్టేనా?" తగ్గలేదమ్మా. ట్యూబులో రక్తం గడ్డ అడ్డం పడింది. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పనిచేస్తూ ఇదే ఫోన్ ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

రొమ్ము తీసేసిన చోట, కొత్తగా కట్టిన చోట చర్మం కింద ఖాళీ ఉంటుంది. అక్కడ ఊరే నీరు, రక్తం బయటికి పోకపోతే వాపు వస్తుంది, ఇన్‌ఫెక్షన్‌కి దారి దొరుకుతుంది. చర్మం కిందకి పెట్టిన సన్నని ట్యూబు, దాని చివర ఉన్న బల్బు, రెండూ కలిపే డ్రెయిన్. బల్బు ఆ నీటిని పీల్చి తీస్తుంది. సిలికోన్ ఇంప్లాంటో, సెలైన్‌తో కొన్ని వారాల పాటు మెల్లగా నింపే ఎక్స్‌పాండరో పెట్టినవాళ్లకు మామూలుగా రొమ్ము పక్కన, చంక కింద ఒకటో రెండో డ్రెయిన్లు ఉంటాయి. పొత్తికడుపు చర్మం, కొవ్వు తెచ్చి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలిపే డీఐఈపీ ఫ్లాప్ అయితే కడుపు దగ్గర కూడా ఉంటాయి. (ఒంట్లో వేరే చోటి నుంచి తెచ్చి రొమ్ముగా కట్టిన భాగాన్నే ఫ్లాప్ అంటాం.) వీపు కండరంతో చేసే లాటిసిమస్ ఫ్లాప్‌లో వీపు డ్రెయిన్ మొండిది, మిగతావి తీసేశాక కూడా అదొక్కటే ఉండిపోతుంది. కాబట్టి ఇంటికి వెళ్లే ముందే ప్రతి బల్బు మీద 1, 2, 3 అని అంకెలు వేయించుకోండి. "కుడిది, ఎడమది" అని గుర్తు పెట్టుకుంటామనేవాళ్లు రెండో రోజుకే తికమకపడతారు.

కావలసినవి ఎక్కువేం లేవు. మి.లీ. గీతలున్న కొలత గ్లాసు, సబ్బు, ఆల్కహాల్ స్వాబ్‌లు, పిన్నీసులు, ఒక నోటుపుస్తకం. వేరేవాళ్లు చేసి పెడుతుంటే గ్లోవ్స్. లెక్క ఫోన్‌లో రాసుకోవద్దు. డాక్టర్ ముందు కూర్చుని స్క్రీన్ జరుపుతూ వెతికేవాళ్లను చూసి చూసి చెబుతున్నాను, పుస్తకమే.

పొద్దున 8కి, రాత్రి 8కి, రోజుకు రెండుసార్లు చేయాలి. బల్బు సగం నిండితే టైము కోసం ఆగకండి, బరువెక్కితే పీల్చే బలం తగ్గిపోతుంది. చేతులు కడుక్కుని, మంచి వెలుతురులో కూర్చోండి.

ట్యూబు పితకడం

అసలు పని ఇదే, అందరూ చెడగొట్టేదీ ఇక్కడే. మొదట ఒక మాట. కొందరు సర్జన్లు ట్యూబు ముట్టుకోవద్దంటారు. మీ సర్జన్ అలా చెప్పి ఉంటే ఈ భాగం వదిలేయండి, ఆయన మాటే ఖరారు.

చెయ్యమన్నవాళ్లకు: ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో ట్యూబును పట్టుకోండి. చర్మంలోంచి బయటికొచ్చిన చోటికి దగ్గరగా పట్టుకోవాలి, కానీ కుట్టు మీద వేలు పడకూడదు. ఈ చెయ్యి ఇక కదలదు. ఎందుకంటే కింద మీరు లాగే లాగుడంతా ఈ చేతి మీదే ఆగాలి. అది సరిగా పట్టుకోకపోతే ఆ లాగుడు కుట్టు మీద పడుతుంది. ట్యూబును చర్మానికి పట్టి ఉంచేది చాలామందికి ఆ ఒక్క కుట్టే. అది తెగితే ట్యూబు జారి బయటికొస్తుంది.

ఇప్పుడు కుడి చేతి వేళ్ల మధ్య ఆల్కహాల్ స్వాబ్ మడిచి పెట్టుకోండి. ఆ తడికే వేళ్లు జారతాయి, పొడి వేళ్లతో చేస్తే ట్యూబు సాగి పట్టేస్తుంది. ఎడమ చేతికి ఆనుకుని కిందే ట్యూబును చదునుగా అయ్యేంత నొక్కి, ఆ నొక్కు వదలకుండా, తొందరపడకుండా బల్బు దాకా జార్చండి. మధ్యలో వేళ్లు ఎత్తకూడదు. ముదురు ఎరుపు దారంలాంటిది ట్యూబులో కదిలి బల్బులోకి జారడం మీకు కనబడుతుంది. అదే గడ్డ. కింది చెయ్యి బల్బును చేరేదాకా పై చెయ్యి వదలొద్దు. లోపల కాస్త లాగినట్టు అనిపించవచ్చు, గట్టిగా నొప్పి మాత్రం రాకూడదు. వస్తే ఆపేయండి.

దిశ ఎప్పుడూ చర్మం వైపు నుంచి బల్బు వైపుకే. ఇది కూడా చెప్పాలా అనుకుంటారేమో. ఒకాయన భార్యకు కింది నుంచి పైకి పితికాడు. ఇదేంటండీ అని అడిగితే, "అడ్డం పైనే ఉంది కదా సిస్టర్, లోపలికి తోసేద్దామని" అన్నాడు. ఆ మనిషి ప్రేమ మీద నాకేం అనుమానం లేదు. కానీ ట్యూబులో ఉన్న పాత నీరు మళ్లీ గాయంలోకి పోయింది, ఆవిడ వారం రోజులు యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. లోపల ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ముదిరితే ఆ ఇంప్లాంటే తీసేయాల్సి రావచ్చు.

రెండు మూడు సార్లు చేసినా గడ్డ కదలకపోతే ఆపి ఫోన్ చెయ్యండి. సిరంజితో నీళ్లు ఎక్కించడం, సన్నని పుల్లతో పొడవడం, బల్బును తీసి నోటితో ఊదడం (అవును, అదీ చూశాను) చేయకూడదు. ట్యూబును పెన్సిల్‌కి చుట్టి లాగమని కొందరు నేర్పుతారు. నాకది అస్సలు నచ్చదు. వేళ్లకు తెలిసే బిగువు పెన్సిల్‌కి తెలియదు.

డ్రెయిన్ ఒక్కసారిగా ఆగిపోయి, రొమ్ము గానీ కడుపు గానీ బిగుతుగా ఉబ్బితే పితుకుతూ కూర్చోవద్దు, వెంటనే హాస్పిటల్‌కి. గంటలో బల్బు ఎర్రటి రక్తంతో నిండిపోయినా అంతే. ఫ్లాప్ చర్మం నీలంగానో, పాలిపోయినట్టో మారినా, చల్లబడినా డ్రెయిన్ సంగతి పక్కన పెట్టి బయల్దేరండి. ఫ్లాప్‌కి రక్తం అందకపోతే కాపాడుకోవడానికి ఉండేది కొన్ని గంటలే. చల్లగా ఉంది కదా అని వేడి నీళ్ల బ్యాగు మాత్రం పెట్టొద్దు. అక్కడ స్పర్శ ఉండదు, కాలినా తెలియదు.

బల్బు ఖాళీ చేయడం

మూత తీసి నీరు గ్లాసులో పోయండి. మూత లోపలి కొనను వేలితో ముట్టుకోవద్దు. బల్బు మీద కూడా గీతలుంటాయి కానీ నొక్కి ఉన్న బల్బు మీద ఆ లెక్క తప్పుతుంది, గ్లాసునే నమ్మండి. తర్వాత బల్బును అరచేతిలో గాలి అంతా పోయేలా అణిచి, అణిచి ఉంచే మూత పెట్టాలి. మూత పెట్టి తర్వాత నొక్కితే ఏ లాభమూ లేదు. చెయ్యి తీశాక బల్బు నలిగే ఉండాలి. గుండ్రంగా ఉబ్బిపోతే ఎక్కడో గాలి పోతోందని అర్థం. మూత చూసి మళ్లీ చేయండి, అయినా నిలవకపోతే హాస్పిటల్‌కి చెప్పండి.

తేదీ, టైము, డ్రెయిన్ నంబరు, ఎన్ని మి.లీ., రంగు రాయండి. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి లేత పసుపుగా వస్తుంది. చిక్కగా చీములా ఉన్నా, వాసన వచ్చినా, ట్యూబు చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) చేరినా ఆ రోజే ఫోన్ చేయాలి.

బల్బును గాయం కంటే కిందుగా, బట్టకు పిన్ను పెట్టి ఉంచండి. పిన్ను బల్బుకున్న చెవిలోంచి పోవాలి, ట్యూబులోంచి కాదు. స్నానం ఎప్పటినుంచో డాక్టర్ చెబుతారు. అప్పుడు బల్బు చేత్తో పట్టుకోకండి, మెడలో మెత్తటి నాడా వేసుకుని దానికి తగిలించండి.

తీసే రోజు గురించి అనవసరంగా టెన్షన్ పడతారు. సాధారణంగా 24 గంటల్లో 30 మి.లీ. కంటే తక్కువ, అదీ వరుసగా రెండు రోజులు వస్తే తీస్తారు. కొందరు సర్జన్లు 20 దాకా ఆగుతారు. కుట్టు కత్తిరించి, గట్టిగా ఊపిరి వదలమని లాగేస్తారు. కొన్ని సెకన్ల పని. ఆ రంధ్రంలోంచి ఒకటి రెండు రోజులు కాస్త తడి వస్తుంది, గాయాలకు వేసే గాజ్ గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది. తర్వాత అక్కడ నీటి సంచిలా ఊగుతూ ఉబ్బితే మళ్లీ చూపించుకోండి, సూదితో తీసేస్తారు. పుస్తకం ఆ రోజు కూడా వెంట తీసుకురండి.