పూడ్చిన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని చుట్టూ నీళ్లు – 4వ పాఠం: లోతు వేరు, మట్టం వేరు

పోయిన పాఠం తర్వాత మీరు గీసి పంపిన పటాలు చూశాను. సగానికి పైగా పటాల్లో భూగర్భజలం పల్లం నుంచి మిట్టకు పోతోంది. అందుకే ఈసారి చెప్పాల్సిన నమూనాల సేకరణను వెనక్కి జరిపి, ముందు దీన్ని తేలుస్తాను.

టేపు వేయడం, నేలలోకి దించిన పైపు అంచు నుంచి నీటిదాకా కొలవడం అందరూ బాగానే చేశారు. ఆ లోతులనే పటం మీద వేసి గీతలు కలిపారు, చిక్కు అక్కడ వచ్చింది. నేలే ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు లోతును లోతుతో పోల్చితే ఏమీ తెలియదు. పైపు అంచు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో తీసుకుని, అందులోంచి లోతు తీసేయాలి. మిగిలేదే నీటి మట్టం. నీరు ఎక్కువ మట్టం నుంచి తక్కువ మట్టం వైపు పోతుంది.

లెక్క కోసం నేను ఊహించిన 'ఏ', 'బి', 'సి' అనే మూడు పీజోమీటర్లు (నీటి మట్టం కొలిచే పైపులు) తీసుకోండి. 'ఏ' పైపు అంచు ఎత్తు 152.40 మీటర్లు, లోతు 14.10. బి అంచు 147.85, లోతు 8.60. సి అంచు 144.10, లోతు 6.20. లోతులు మాత్రమే చూస్తే సి దగ్గర నీళ్లు పైన, 'ఏ' దగ్గర బాగా కింద ఉన్నట్టు అనిపిస్తుంది, మీరు సి నుంచి 'ఏ' వైపు బాణం గీస్తారు. తీసివేత చేస్తే 'ఏ' 138.30, బి 139.25, సి 137.90. నీరు బి నుంచి మిగతా రెండింటి వైపు పోతోంది. 'ఏ', 'సి'ల మధ్య కూడా వాలు 'ఏ' నుంచి 'సి' వైపే, మీ బాణానికి సరిగ్గా ఎదురు.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే సంగతి. 'ఏ' పైపు ఓబీతో, అంటే బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టీ రాళ్లతో, పూడ్చిన చోట ఉందనుకోండి. పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, దానితో పాటు పైపూ కుంగుతుంది. 30 సెంటీమీటర్లు కుంగితే అంచు 152.10కి వచ్చినట్టు. మీరు పాత ఎత్తే వాడుతుంటే మట్టం 138.30 అని రాస్తారు, నిజంగా ఉన్నది 138.00. సితో ఉన్న 40 సెంటీమీటర్ల తేడాలో 30 మన కాగితం మీద పుట్టినదే. అందుకే పూడ్చిన చోట పైపు అంచును ఏటా ఒకసారి, కదలని నేల మీది బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి లెవెలింగ్ చేసి (ఎత్తు తేడా కొలిచి) తీరాలి. ఫోన్‌లో చూపించే ఎత్తు దీనికి పనికిరాదు, దాని తప్పే మీటర్లలో ఉంటుంది. పాత ఎత్తును కొట్టేయకండి, పక్కనే తేదీతో కొత్తది రాయండి.

వేర్వేరు పొరల్లో దించిన పైపుల మట్టాలను ఒకే పటంలో కలపవద్దు. నైవేలి గనుల్లో లిగ్నైట్ (గోధుమ బొగ్గు) కింది పొరలో నీరు ఒత్తిడితో ఉంటుంది, అది గని అడుగును పైకి తోయకుండా నిరంతరం తోడుతుంటారు. ఆ పొర మట్టానికీ పై పొర మట్టానికీ పొంతన ఉండదు.

చెన్నైలో ఉండి చదువుతున్నవాళ్లు కాలం విషయంలో కూడా జాగ్రత్తపడాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రామగుండం, మణుగూరు వైపు జూన్ నుంచి సెప్టెంబరు. అక్కడ వానకు ముందు కొలత మేలో తీయాలి. ఇక్కడి అలవాటుతో సెప్టెంబరు కొలతను 'వానకు ముందు' అని రాసినవాళ్లు దిద్దుకోండి.

ఇక నమూనాలు. పైపులో నిలిచిన నీరు పొరలోని నీరు కాదు. పైపులోని నీటికి మూడింతలు తోడి, ఈసీ (నీటి విద్యుత్ వాహకత), పీహెచ్, ఉష్ణోగ్రత కదలకుండా నిలిచాక పట్టండి. పీహెచ్ అక్కడికక్కడే చూడాలి. సీసాలో కార్బన్ డయాక్సైడ్ పోతే పీహెచ్ పెరుగుతుంది, కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పురంగు మడ్డిగా దిగితే పడిపోతుంది. లోహాల కోసం వడకట్టి నైట్రిక్ ఆమ్లం కలిపిన సీసా వేరు, ఆల్కలినిటీకి (నీరు ఆమ్లాన్ని తట్టుకునే శక్తికి) ఆమ్లం కలపకుండా గాలి లేకుండా నింపిన సీసా వేరు.

పీహెచ్ 7 దగ్గర ఉంది కాబట్టి గని ప్రభావం లేదని తేల్చకండి. పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలి, నీరు తగిలి పుట్టిన ఆమ్లాన్ని రాతిలోని కార్బనేట్ తినేస్తుంది, సల్ఫేట్ మాత్రం నీటిలో మిగిలిపోతుంది. డబ్బు తక్కువగా ఉంటే నేను ముందు ఈసీ, సల్ఫేట్, ఆల్కలినిటీ చేయిస్తాను. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సల్ఫేట్‌కు లీటరుకు 200, వేరే నీటి వసతి లేకపోతే 400 మిల్లీగ్రాములు. నేను మాత్రం దానికంటే ముందు, గనికి ఎగువన ఉన్న బావితో పోల్చి చూస్తాను. ఎగువన 40 ఉండి దిగువన 180 ఉంటే ప్రమాణం దాటలేదని ఊరుకోలేం.

అభ్యాసం: తిరువాన్మియూరులోనో, బెసంట్ నగర్‌లోనో, మీ వీధి చుట్టుపక్కలో ఇంటివాళ్లను అడిగి మూడు బావులు ఎంచుకోండి. మూడూ ఒకే వరుసలో ఉండకూడదు. మోటారు ఆపి ఎంత సేపైందో అడిగి రాసుకోండి. బావి గట్ల ఎత్తుల తేడాను మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో ఒక్కో అంచెగా మోసుకెళ్లి, మళ్లీ మొదటి గట్టుకు తిరిగొచ్చి సరిచూడండి. రెండు సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మొత్తం మళ్లీ చేయాలి. సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం ఒకే వేళకు కొలిచి, వారానికొక బాణం గీసి పంపండి.