ఇంగ్లిష్ జాతీయాలు – 7: ముందుజాగ్రత్త మాటలు

'ఎందుకైనా మంచిది' అని రోజూ అంటుంటాం కదా, దానికి ఇంగ్లిష్‌లో బాగా దగ్గరగా వచ్చేది 'జస్ట్ ఇన్ కేస్'. "ఐ హావ్ కెప్ట్ టూ కాపీస్, జస్ట్ ఇన్ కేస్" అంటే ఎందుకైనా మంచిదని రెండు కాపీలు ఉంచానని. వాక్యం చివర అలా వదిలేస్తే చాలు, ఆ తర్వాత ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆ మాట వెనక ఇంకో వాక్యం వచ్చినప్పుడే చిక్కు. ఈ రెండూ పైకి చదవండి:

టేక్ యాన్ అంబ్రెల్లా ఇఫ్ ఇట్ రెయిన్స్.
టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్.

మొదటిది వాన పడితేనే గొడుగు తీసుకెళ్ళమంటోంది. రెండోది వాన పడినా పడొచ్చు, గొడుగు ఇప్పుడే పట్టుకెళ్ళమంటోంది. ఇందులో పని వానకన్నా ముందే జరిగిపోవాలి. మనలో చాలామంది 'ఇఫ్' అనాల్సిన చోటల్లా 'ఇన్ కేస్' వాడేస్తుంటారు. మాటల్లో అది చెల్లిపోయినా, రాసేటప్పుడు ఈ తేడా పాటించడమే మంచిది. ఇంకో సంగతి, 'ఇన్ కేస్' తర్వాత 'విల్' రాదు. "ఇన్ కేస్ ఇట్ విల్ రెయిన్" తప్పు.

'ఇన్ కేస్ ఆఫ్' వేరు. లిఫ్ట్ పక్కన బోర్డు చూసే ఉంటారు: "ఇన్ కేస్ ఆఫ్ ఫైర్, డు నాట్ యూజ్ ద లిఫ్ట్". ఇక్కడ అర్థం 'మంటలు వస్తే' అని. దీని వెనక నామవాచకమే వస్తుంది.

'బెటర్ సేఫ్ దేన్ సారీ' అంటే తర్వాత బాధపడేకన్నా ముందే జాగ్రత్తపడటం మేలని. మరీ అంత భయమా అని ఎవరైనా అన్నప్పుడు జవాబుగా బాగుంటుంది. అప్పటికే నష్టపోయినవాళ్ళతో మాత్రం అనకండి, దెప్పినట్టుంటుంది.

'యాన్ ఔన్స్ ఆఫ్ ప్రివెన్షన్ ఈజ్ వర్త్ ఎ పౌండ్ ఆఫ్ క్యూర్'. ఇవి బరువు కొలతలు, పౌండుకు 16 ఔన్సులు. కొంచెం ముందుజాగ్రత్త, తర్వాత చేసే బోలెడంత చికిత్సకు సమానమని అర్థం. ఈ మాటను ఇప్పుడు ఎక్కువగా ఆరోగ్యం గురించి వాడుతున్నారు గానీ, అమెరికా రచయిత, నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో రాసింది తన ఊరు ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదాల గురించి. నిప్పులను మూతలేని పారలో ఒక గది నుంచి ఇంకో గదికి మోయొద్దని, మెట్ల సందుల్లో పడ్డ నిప్పురవ్వ అర్ధరాత్రి దాకా కనబడదని హెచ్చరించాడు. మరుసటి ఏడాది అక్కడే మంటలార్పే సంఘం పెట్టడంలో ముందున్నాడు.

'సేవ్ ఫర్ ఎ రైనీ డే' అంటే కష్టకాలానికి దాచుకోవడం. ఇక గుర్రం పారిపోయాక లాయం తలుపు వేయడం గురించిన సామెత ఒకటుంది. మన 'చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం' సరిగ్గా అదే.

అభ్యాసం: 'ఇఫ్' వాడాలో 'ఇన్ కేస్' వాడాలో తేల్చి ఇంగ్లిష్‌లో రాయండి.
1. కరెంటు పోతుందేమో, ఫోన్ ఇప్పుడే చార్జింగ్‌లో పెట్టు.
2. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆన్ చెయ్యి.
3. బస్సు దొరక్కపోతే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను.

జవాబులు వచ్చే పాఠంలో.