సప్తర్షి మండలం బొమ్మ తిరగబడిందా? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళంలో పెళ్లి ఫ్లెక్సీల కోసం అరుంధతీ దర్శనం బొమ్మలను కంప్యూటర్‌లో గీసేవారు సరిచూడమని నాకు ఇచ్చే ఫైళ్లలో తరచుగా కనిపించే లోపాలు రెండే. రెండూ డాబా ఎక్కి ఒక్కసారి ఉత్తరం వైపు చూస్తే తెలిసిపోయేవే.

సమస్య: వసిష్ఠుడి పక్కన అరుంధతి కనిపించడం లేదు.

ఆకాశంలో ఆ ఇద్దరి మధ్య ఎడం సుమారు 12 కళలు (కళ అంటే డిగ్రీలో 60వ వంతు), అంటే గరిటెలా కనిపించే ఈ మండలంలో కాడకు దూరపు అంచున ఉండే పులహ, క్రతు నక్షత్రాల మధ్య ఎడంలో దాదాపు 27వ వంతు. ఆ రెండింటి మధ్య 540 పిక్సెళ్లు ఉంచితే అరుంధతికి దక్కేవి 20 మాత్రమే కనుక, వసిష్ఠుడి చుట్టూ అద్దిన పెద్ద కాంతివలయంలో ఆమె మునిగిపోతుంది. వలయాన్ని తగ్గించి, అరుంధతిని దానిపైన వేరే లేయర్‌లో (పొరలో) ఉంచండి.

సమస్య: తెరమీద సరిగ్గా ఉన్న మండలం ముద్రణలో అద్దంలో చూసినట్టు తిరగబడింది.

చాలామంది ముద్రించినవారిని తప్పుపడతారు. నేనూ మొదటిసారి అదే చేశాను. అసలు కారణం మిర్రర్ వ్యూ. ముఖాల పొందిక చూసుకోవడానికి చిత్రకారులు బొమ్మను అడ్డంగా తిప్పి చూస్తారు. బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో ఎమ్ మీట నొక్కితే తిరిగేది చూపు మాత్రమే, ఫైలు కాదు. ఆ స్థితిలోనే, పక్కన పెట్టుకున్న నక్షత్రపటాన్ని చూస్తూ ఏడు చుక్కలూ పెట్టేస్తే, తెరమీద అన్నీ కుదిరినట్టే ఉంటాయి కాని ఫైలులోకి ఎడమ కుడి తారుమారైన బొమ్మే చేరుతుంది. నాకు ఈ సంగతి పది అడుగుల ఫ్లెక్సీ మండపానికి కట్టిన తరువాత, పెళ్లికూతురి తాతగారు కాడ చివర ఉండే మరీచిని వేలితో చూపించి అడిగినప్పుడు తెలిసింది.

పరీక్ష చాలా చిన్నది. గరిటె మూతి పైకి ఉంటే కాడ ఎడమవైపు ఉండాలి. మే నెల మొదట్లో రాత్రి తొమ్మిది, పది గంటలకు మనకు కనిపించేటట్టు మూతి కిందికి ఉంటే కాడ కుడివైపు ఉండాలి. అలా లేకపోతే బొమ్మను ఎంత గుండ్రంగా తిప్పినా సరికాదు. మిర్రర్ వ్యూ ఆపి, నక్షత్రాల లేయర్లను మాత్రమే ఎంచుకొని అడ్డంగా తిప్పండి. మొత్తం చిత్రాన్ని తిప్పితే వధూవరుల పేర్లు కూడా తిరగబడతాయి. ఖగోళాన్ని బయటినుంచి చూసినట్టు గీసిన పాత పటాలను నకలు చేసినా ఇదే లోపం వస్తుంది, అప్పుడూ ఇదే మందు.

ఇక మిగిలినవి అరుదు. ముదురు నీలంలో చారలు పడితే 16 బిట్‌లో (రంగుల మెట్లు ఎక్కువగా ఉండే అమరికలో) గీసి, కొద్దిగా నాయిస్ (సన్నని చుక్కల గరుకు) కలపండి. ధ్రువుణ్ణి నడినెత్తిన పెట్టినవారు కిందికి దించండి: మన శ్రీకాకుళంలో ఆయన ఎత్తు దిగంతం నుంచి సుమారు 18 డిగ్రీలే, చాచిన చేతికి రెండు పిడికిళ్ల కంటే కొంచెం తక్కువ.