ఇంట్లో అందరూ కూర్చుని డాక్యుమెంటరీ చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. ఎవరో వాట్సాప్‌లో "తప్పక చూడాల్సిన వంద డాక్యుమెంటరీలు" అని లిస్టు పంపిస్తారు, ఆదివారం రాత్రి ఉత్సాహంగా అందులో మొదటిది పెడతాం, పది నిమిషాలు గడిచేసరికి అమ్మ వంటింట్లో ఏదో పని గుర్తొచ్చి లేస్తుంది, నాన్నగారు ఫోను చూసుకుంటుంటారు, పిల్లలు ఎప్పుడు వెళ్లిపోయారో కూడా తెలియదు. ఇక "మా ఇంట్లో వాళ్లకి ఇవి ఎక్కవండీ" అని వదిలేస్తాం. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, లిస్టుని కాదు, మనిషిని చూసి ఎంచుకోవాలి. ఆ మనిషి నలభై ఏళ్లు ఏ పని చేశారు, దేని గురించి మొదలుపెడితే ఆపకుండా మాట్లాడతారు, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

మా నాన్నగారు విజయవాడలో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి సింహాలూ పులులూ చూపిస్తే నిద్రపోతారు. ఒకరోజు బీబీసీ వాళ్లు 2010లో తీసిన 'ఇండియన్ హిల్ రైల్వేస్' పెట్టాను. మూడే భాగాలు: డార్జిలింగ్, నీలగిరి, కాల్కా-సిమ్లా. నీలగిరి బండి వచ్చేసరికి మా పాప అడిగింది, "తాతయ్యా, ఇంజను ముందు ఉండాలి కదా, వెనక ఉందేంటి?" అని. ఆయన రిమోట్ తీసుకుని ఆపేశారు. ఘాట్ ఎక్కేటప్పుడు పెట్టెల్ని కలిపే కప్లింగ్ తెగితే పెట్టెలు వెనక్కి జారిపోతాయి, అందుకే ఇంజను ఎప్పుడూ కిందివైపే ఉండి నెడుతుందని చెప్పారు. అక్కడ రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది, ఇంజను కిందున్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, బాగా ఏటవాలుగా ఉన్న చోట పన్నెండు అడుగులు ముందుకి వెళ్తే ఒక అడుగు పైకి లేస్తుంది. ఇదంతా చెప్పడానికి గ్లాసు పక్కన గ్లాసు పెట్టి, అట్లకాడ వాటి మీద ఏటవాలుగా ఆనించి చూపించారు. గంట ప్రోగ్రాం చూడ్డానికి మాకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో ఆయన ఒక్కసారి కూడా ఫోను చూడలేదు.

గుంటూరులో మా బాబాయ్‌ది మిర్చి వ్యాపారం. యార్డు, కోల్డ్ స్టోరేజీ, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తప్ప వేరే ప్రపంచం లేదు. ఆయనకి నెట్‌ఫ్లిక్స్‌లో 'రాటెన్' చూపించాను, 2018లో వచ్చింది. తిండి సరుకుల వెనక జరిగే వ్యాపారం మీద ఒక్కో ఎపిసోడ్ ఒక్కో సరుకు, తేనె, వెల్లుల్లి, పాలు, చేపలు ఇలా. తేనె ఎపిసోడ్‌లో చైనా తేనెని ఇంకో దేశం సరుకుగా చూపించి, సుంకం ఎగ్గొట్టి అమెరికాలోకి ఎలా దింపారో చూపిస్తారు. ల్యాబ్‌లో కల్తీ పట్టుకునే పద్ధతి వచ్చినప్పుడల్లా కల్తీ చేసేవాళ్లు ఇంకో దారి కనిపెడుతుంటారు. బాబాయ్ మధ్యలో ఆపించి, కాయ ఎండిందో లేదో తాను తొడిమ విరిచి చప్పుడుతో ఎలా చెప్తాడో పిల్లలకి వంటింట్లోంచి ఎండుమిరపకాయలు తెప్పించి మరీ చూపించాడు. వెల్లుల్లి ఎపిసోడ్ మర్నాడు తనే పెట్టుకుని చూశాడట. మీ ఇంట్లో వ్యాపారం చేసేవాళ్లుంటే ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

అమ్మ విషయం కాస్త కష్టమైంది, ఎందుకంటే అమ్మకి ఇంగ్లిష్ రాదు, సబ్‌టైటిల్స్ చదివే ఓపికా లేదు. సమిన్ నొస్రత్ అనే వంటావిడ చేసిన 'సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్' (2018, నాలుగే ఎపిసోడ్లు) పెట్టి, మధ్యమధ్యలో ఆపి నేనే తెలుగులో చెప్పాను. ఉప్పు ఎపిసోడ్ జపాన్‌లో తీశారు. షోడోషిమా అనే దీవిలో పెద్ద పెద్ద చెక్క పీపాల్లో సోయా సాస్ పులియబెట్టే చోటు చూపిస్తారు, పీపా చెక్కలోనే తరాలుగా ఉండిపోయిన సూక్ష్మజీవుల వల్లే ఆ రుచి. అమ్మ వెంటనే "మన ఆవకాయ జాడీలాగే అన్నమాట" అంది. అని ఊరుకోలేదు, "కానీ జాడీకి ఏమీ అంటకూడదు, తడి తగిలితే బూజు పట్టేస్తుంది, వీళ్లది దానికి పూర్తిగా వ్యతిరేకం" అని తేడా కూడా తనే పట్టింది. మామిడికాయ ముక్కకి ఉప్పు ఎంత పడితే నిలవ ఉంటుందో యాభై ఏళ్లుగా చేత్తో చూస్తున్న మనిషికి ఆ ఎపిసోడ్ కొత్త విషయమేమీ కాదు, తన విషయమే ఇంకో దేశంలో కనిపించింది.

భాష గురించి ఒక మాట. డిస్కవరీ లాంటి చానెళ్లు తెలుగు ఆడియోతో వస్తాయి, సెట్‌టాప్ బాక్స్ రిమోట్ మీద భాష మార్చే బటన్ ఉంటుంది, చాలా ఇళ్లల్లో దాన్ని ఎప్పుడూ నొక్కి ఉండరు, ఒకసారి నొక్కి చూడండి. ఓటీటీలో అయితే పెట్టేముందే ఆడియో భాషల్లో తెలుగుందేమో చూసుకోండి, అందరూ కూర్చున్నాక వెతికితే ఊపు పోతుంది. తెలుగు లేకపోతే ఒక మనిషి చెప్పేవాడిగా ఉండాలి, ఆ మనిషి ముందురోజే ఒకసారి చూసేసి ఉంటే ఇంకా మంచిది. ఒక రాత్రికి ఒక్క ఎపిసోడే. బాగుంది కదా అని మూడు వరసగా చూస్తే మూడూ కలిసిపోయి ఏదీ మిగలదు. భోజనాలు అయ్యాకే పెట్టండి, తింటూ చూస్తే చెయ్యి కడుక్కోవడానికి లేచినవాళ్లు తిరిగి రారు.

పిల్లలకి మాత్రం జంతువులతోనే మొదలుపెట్టండి, అందులో తప్పేం లేదు. 2016లో వచ్చిన 'ప్లానెట్ ఎర్త్ 2' మొదటి ఎపిసోడ్‌లో గాలపాగోస్ దీవుల్లో అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఇగువానా అనే పెద్ద బల్లి పిల్ల పాముల గుంపు నుంచి పరిగెత్తి తప్పించుకునే సీను ఉంటుంది. మా ఇంట్లో అందరూ కుర్చీ అంచు మీదకి వచ్చేశారు. అదే సిరీస్‌లో నగరాల మీద ఉన్న ఎపిసోడ్‌లో ముంబైలో రాత్రిపూట చిరుతలు పందుల్ని వేటాడటం వేడిని పట్టే కెమెరాతో తీశారు, జనం పడుకున్న ఇళ్లకి అంత దగ్గర్లో. వెనక నుంచి కథ చెప్పే డేవిడ్ అటెన్‌బరో గొంతు ఒకసారి అలవాటైతే పిల్లలు తామే అడుగుతారు.

కానీ ఆ ఇగువానా సీను అయిపోయాక పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: కెమెరా ఎక్కడుంది? పిల్ల ముందు నుంచి ఒక షాట్, పక్క నుంచి ఒకటి, దగ్గరగా కన్ను మాత్రమే ఒకటి. ఒక్క పరుగులో ఇన్ని ఎలా తీశారు? ఆ సీనుని వేర్వేరు ఇగువానాల షాట్లు కలిపి ఎడిట్ చేశామని తీసినవాళ్లే తర్వాత చెప్పారు. పరుగూ నిజమే, పాములూ నిజమే, కానీ మనం చూసిన ఆ ఒక్క పిల్ల కథ ఎడిటింగ్ టేబుల్ మీద తయారైంది. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినప్పుడు అడుగుల చప్పుడు మైకుకి అందదు, అందుకే చాలా వన్యప్రాణి సినిమాల్లో ఆ చప్పుళ్లు తర్వాత స్టూడియోలో కలుపుతారు. 2011 నాటి 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లలు పుట్టే సీను నెదర్లాండ్స్‌లోని ఒక జూలో తీసింది, మంచుగుహలో కెమెరా పెడితే తల్లి పిల్లల్ని చంపేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి. నాకైతే ఇది మోసంలా అనిపించలేదు, కానీ తెలుసుకుని చూడాలి. మా పాప ఇప్పుడు ఏది చూసినా ముందు "కెమెరా ఎక్కడ పెట్టారు" అనే అడుగుతుంది. దానివల్ల చూసే సరదా తగ్గుతుందేమో అనుకున్నాను, పెరిగింది.

అసలు మోసాలు వేరే ఉన్నాయి. 2013లో డిస్కవరీలో మెగలొడాన్ అనే ఎప్పుడో అంతరించిన పెద్ద సొరచేప ఇంకా బతికే ఉందన్నట్టు ఒక ప్రోగ్రాం వచ్చింది, అందులో శాస్త్రవేత్తలుగా కనిపించినవాళ్లు నటులు. 1958లో డిస్నీ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్'లో లెమింగ్ అనే ఎలుకల్లాంటి జీవులు గుంపుగా కొండ మీంచి దూకి చచ్చిపోతున్నట్టు చూపించారు, నిజానికి తీసినవాళ్లే వాటిని అంచు నుంచి తోశారు. ఆ సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది.

మరి ఎలా పట్టుకోవాలి? నేను చేసేది ఒక్కటే, మనకి బాగా తెలిసిన విషయం మీద వాళ్లు ఏం చెప్పారో ముందు చూస్తాను. ఒకసారి యూట్యూబ్‌లో కృష్ణా డెల్టా మీద ఒక వీడియో కనిపించింది, డ్రోన్ షాట్లు, మ్యూజిక్, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇప్పటి ప్రకాశం బ్యారేజీని చూపిస్తూ "1855లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన ఈ బ్యారేజీ" అన్నాడు. నాన్నగారు అక్కడే ఆపించేశారు. 1855కి పూర్తయింది పాత ఆనకట్ట, అది 1952లో తెగిపోయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకి. రోజూ దాని మీంచి తాడేపల్లి వైపు వెళ్లే మనకే ఇలా చెప్తే, మనం ఎప్పుడూ చూడని పెరూ గురించో ఈజిప్టు గురించో ఏం చెప్తున్నాడో ఎవరికి తెలుసు? ఇంకో గుర్తు, "అయి ఉండొచ్చా? నిజమేనా?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి జవాబు చెప్పకుండా గంట నడిపే ప్రోగ్రాం అయితే నేను వెంటనే మార్చేస్తాను.

చరిత్ర ఇష్టమైనవాళ్లకి నా మొదటి ఓటు 'ది వరల్డ్ ఎట్ వార్'కి. రెండో ప్రపంచ యుద్ధం మీద 1973లో బ్రిటిష్ టీవీలో మొదలైంది, 26 ఎపిసోడ్లు. పాతది కదా అని పక్కన పెట్టకండి, పాతది కావడమే దాని బలం. యుద్ధం అయిపోయి అప్పటికి ముప్పై ఏళ్లే, చూసినవాళ్లు బతికున్నారు. హిట్లర్ సెక్రటరీ, అతని మంత్రి ఆల్బర్ట్ స్పేర్, మామూలు సైనికులు, ఊళ్లు కాలిపోయిన ఆడవాళ్లు, అందరూ కెమెరా ముందు కూర్చుని తమ నోటితో చెప్తారు. ఇప్పుడెవరైనా ఎంత డబ్బు పెట్టినా ఆ మనుషుల్ని తేలేరు. మొదటి ఎపిసోడ్ ఫ్రాన్స్‌లో ఒరదూర్ అనే ఊరితో మొదలవుతుంది, నాజీ సైన్యం ఆ ఊరి జనాన్ని ఒక్క రోజులో చంపేసింది, కాలిన ఇళ్లని అలాగే ఉంచేశారు. యూదుల ఊచకోత మీద ఉన్న ఇరవయ్యో ఎపిసోడ్ మాత్రం పిల్లలు పడుకున్నాక చూడండి, ముందుగా పెద్దవాళ్లకీ చెప్పండి.

మన చరిత్రకి 'భారత్ ఏక్ ఖోజ్' ఉంది, 1988లో దూరదర్శన్‌లో వచ్చింది, 53 ఎపిసోడ్లు, నెహ్రూ అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసిన పుస్తకం ఆధారంగా శ్యామ్ బెనెగల్ తీశారు. బెనెగల్ పుట్టి పెరిగింది హైదరాబాద్ దగ్గరే. ఇది నటులతో తీసింది కాబట్టి అచ్చంగా డాక్యుమెంటరీ అనలేం, హిందీ కూడా బాగా రావాలి. అయినా నాన్నగారు టైటిల్ సాంగ్ వినగానే నిటారుగా కూర్చుంటారు.

మొత్తం సిరీస్‌లకి టైం లేదనేవాళ్లకి రెండు చెప్తాను. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' సుమారు నలభై నిమిషాలే, తమిళనాడులోని ముదుమలై అడవిలో రఘు అనే తల్లి లేని ఏనుగు పిల్లని పెంచిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ. 2023లో నాటు నాటు పాటకి ఆస్కార్ వచ్చిన రాత్రే దీనికీ వచ్చింది, మన హడావిడిలో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. ఇంకోటి 'అపోలో 11', 2019ది, చంద్రుడి మీద మనిషి మొదటిసారి దిగిన ప్రయాణం మీద. వెనక నుంచి చెప్పే గొంతు లేదు, ఇంటర్వ్యూలు లేవు, 1969లో తీసిన రీళ్లు, అప్పటి రేడియో మాటలు, అంతే. లైట్లన్నీ ఆర్పేసి, సౌండ్ కాస్త పెంచి చూడండి. రాకెట్ లేచే దాకా మా ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు, లేచాక అమ్మ మెల్లగా "ఆ పిల్లల తల్లులు ఇది ఎలా చూశారో" అంది.

అయిపోగానే లైటు వేసి పడుకోడానికి వెళ్లిపోకండి. ఒక పావుగంట కూర్చోండి, ఎవరికి ఏది నచ్చిందో అడగండి, "ఎలా ఉంది?" అని కాదు, "ఏ సీను దగ్గర ఆగాలనిపించింది?" అని. అప్పుడే వచ్చేవారం ఏది పెట్టాలో తెలుస్తుంది. మా ఇంట్లో ఈ వారం అమ్మ వంతు, జపాన్ అయిపోయింది కాబట్టి ఇటలీ ఎపిసోడ్ కావాలంది, వాళ్లు నూనె ఎలా తీస్తారో మన గానుగతో పోల్చి చూడాలట.