డ్రయ్యర్ యూనిట్‌కు కాలుష్య మండలి అనుమతి: ఫైలు ఆగేది ఇంధనం పేజీ దగ్గరే

డ్రయ్యర్‌కు వేడిగాలి అందించడానికి ఊకతోనో కట్టెలతోనో నడిచే పొయ్యి (హాట్ ఎయిర్ జనరేటర్) పెట్టుకునేవారు కాలుష్య నియంత్రణ మండలి నుంచి రెండుసార్లు అనుమతి తీసుకోవాలి. షెడ్డు పని మొదలుపెట్టకముందు సీఎఫ్‌ఈ (యూనిట్ పెట్టడానికి అనుమతి), పొయ్యి వెలిగించకముందు సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి). 1974 నీటి చట్టం, 1981 వాయు చట్టం కింద ఇచ్చే అనుమతులివి. ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ డెస్క్ పోర్టల్‌లో, తెలంగాణలో ఐపాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

స్థలం పత్రాలు, సైట్ ప్లాన్, పెట్టుబడికి సీఏ సర్టిఫికెట్ దగ్గర పెద్దగా ఎవరూ తడబడరు. ఫైలు తిరిగొచ్చేది ఇంధనం, పొగగొట్టం వివరాల దగ్గర.

తక్కువ ఇంధనం చూపిస్తే తొందరగా అనుమతి వస్తుందని చాలామంది అనుకుంటారు. గంటకు 2 లక్షల కిలోకేలరీల పొయ్యి అని ఒక గడిలో రాసి, పక్క గడిలో ఊక రోజుకు 300 కిలోలని వేస్తారు. లెక్క చూడండి. కిలో ఊకలో సుమారు 3,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. పొయ్యి సామర్థ్యం 70 శాతం అనుకుంటే అందులో గాలికి చేరేది 2,100. అంటే గంటకు దాదాపు 95 కిలోల ఊక కావాలి, 10 గంటలు నడిపితే 950 కిలోలు. ఫైలు చూసే ఇంజనీరుకు ఈ తేడా ఇట్టే దొరికిపోతుంది. ఊకలో సుమారు ఐదో వంతు బూడిదే కాబట్టి, రోజూ వచ్చే ఆ 190 కిలోలు ఎక్కడికి పంపుతారో కూడా రాయండి. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు భయపడాల్సిన పనేమీ లేదు.

పొయ్యి పొగగొట్టం ఒక్కటే చూపించి వదిలేయకండి. డ్రయ్యర్ నుంచి తేమ, దుమ్ముతో బయటికొచ్చే గాలి గొట్టాన్ని, దానికి సైక్లోన్ (గాలిలోంచి దుమ్మును వేరుచేసే పరికరం) ఉంటే దాన్ని కూడా డ్రాయింగ్‌లో గీయించాలి. పరీక్ష కోసం పొగ నమూనా తీసే రంధ్రం గొట్టం వంపు దాటాక, దాని వ్యాసానికి 8 రెట్ల ఎత్తులో ఉండాలి. 30 సెంటీమీటర్ల గొట్టమైతే 2.4 మీటర్లు. నిలబడటానికి ప్లాట్‌ఫాం, ఎక్కడానికి నిచ్చెన కూడా ఉండాలి. గొట్టం బిగించేశాక రంధ్రం కోయించడం చాలా తిప్పలు, అందుకే ఫ్యాబ్రికేటర్‌కు ముందే చెప్పండి.

"దీనికి బాయిలర్ లైసెన్స్ కూడా కావాలి, నేను చూసుకుంటా" అని ఎవరైనా అంటే ఒక్క నిమిషం ఆగండి. బాయిలర్ చట్టం ఒత్తిడితో ఆవిరి పుట్టించే పాత్రలకు వర్తిస్తుంది. మీ పొయ్యి గాలిని మాత్రమే వేడి చేస్తుంటే ఆ ఖర్చు మీది కాదు.

దరఖాస్తుపై మండలి నుంచి క్వెరీ (వివరణ అడుగుతూ ప్రశ్న) వచ్చిందంటే తిరస్కరించినట్టు కాదు. అడిగిన పేజీ సవరించి అదే లాగిన్‌లో అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. అయితే ఆ క్వెరీ మీ కంటపడాలంటే పోర్టల్‌లో మీ ఫోన్ నంబరే ఉండాలి. ఏజెంటు తన నంబరుతో రిజిస్టర్ చేసి ఉంటే, మిగతా పనులు పక్కనబెట్టి ముందు దాన్ని మార్పించుకోండి.