రిమోట్ విమానం ఎగరేయాలంటే: మడి ఎంచుకోవడం నుంచి బ్యాటరీ దాకా

మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో రిమోట్ విమానానికి రన్‌వే అంటే కోత అయిపోయిన వరి మడే. అయితే కోత అయిందని ప్రతి మడీ ఖాళీ కాదు, చాలాచోట్ల వరి కోయకముందే మినుములో పెసలో చల్లేస్తారు కాబట్టి కొయ్యకాళ్ల మధ్య చిన్న ఆకులు కనిపిస్తే అది రైతు పంట, అందులో దిగొద్దు. ముందు ఆ రైతుని అడగండి. ఊరికి, రోడ్డుకి, కరెంటు తీగలకి బాగా దూరంగా ఉన్న మడి చూసుకోండి.

కళింగపట్నం బీచ్ ఖాళీగా ఉంది కదా అని విమానం పట్టుకెళ్లకండి. అక్కడి ఇసుకలో నల్ల ఖనిజం ఉంటుంది, విమానం ఒక్కసారి ముక్కు గుచ్చుకుందంటే ఆ నల్ల పొడి మోటార్ అయస్కాంతాలకి మీసంలా పట్టేస్తుంది, ఊదినా పోదు, మోటార్ విప్పి టేపు ముక్క అంటించి లాగితే గానీ రాదు.

ప్రభుత్వం డ్రోన్ల కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మడి గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటులో, ఉందో లేదో చూసుకోండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు, నడుస్తున్న ఎయిర్‌పోర్ట్ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. భోగాపురం వైపు వాళ్లు వెళ్లిన ప్రతిసారీ మ్యాప్ చూడాలి.

ఇక ప్రొపెల్లర్. బ్యాటరీ తగిలించారంటే అది తిరుగుతున్నట్టే లెక్క. కిందటేడు మా డాబా మీద ప్రొపెల్లర్ విప్పకుండానే బ్యాటరీ పెట్టి, విమానాన్ని ఎడమ చేత్తో పట్టుకుని సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే బుల్లి మోటార్లు) చూస్తున్నాను, మోచేయి ట్రాన్స్‌మిటర్ మీది థ్రాటిల్‌కి, అంటే రిమోట్‌లో మోటార్ స్పీడ్ పెంచే స్టిక్‌కి, తగిలింది, అంతే. చూపుడు వేలు గోరు నిలువునా చీలి నాలుగు కుట్లు పడ్డాయి. అది 8 అంగుళాల ప్లాస్టిక్ రెక్క, పెద్దది కూడా కాదు. అందుకే ఇంట్లో ఏ సెట్టింగ్ మార్చినా ముందు ప్రొపెల్లర్ విప్పేయండి. మడిలో అయితే థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయండి, ఆ తర్వాతే బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ పీకి, తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపాలి. ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కగా గానీ ఎవరూ నిలబడకూడదు, విరిగిన ముక్క పక్కకే ఎగురుతుంది.

విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క వెనక అంచున కదిలే పలక, అదే ఎయిలరాన్, పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే తోక మీది పలక, అదే ఎలివేటర్, లేవాలి. ఇది ప్రతి ఫ్లైట్‌కీ చూడాలి, సర్వో వైరు మార్చిన రోజున రెండుసార్లు చూడాలి, ఎందుకంటే ఉల్టాగా తిరిగితే విమానం చేతిలోంచి వదిలాక సరిదిద్దుకునే టైమ్ ఉండదు. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకి, మూడో వంతుకి మధ్య రెండు వేళ్ల మీద విమానాన్ని నిలబెట్టండి. ముక్కు కాస్త వాలినా పర్వాలేదు, తోక వాలితే మాత్రం ఎగరేయొద్దు, బ్యాటరీని ముందుకి జరపండి. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటార్ ఆగిపోతుందో లేదో కూడా, ప్రొపెల్లర్ లేకుండా, ఇంట్లోనే తేల్చుకోండి.

మొదటి విమానంగా, రెక్క బాడీకి పైన ఉండే ఫోమ్ ట్రైనరే (నేర్చుకునేవాళ్ల విమానం) కొనండి. పొద్దున్న ఎనిమిదిలోపే ఎగరేయండి, పొద్దెక్కాక సముద్రం గాలి లేచి తేలికపాటి విమానాన్ని తోసుకుపోతుంది. ఎప్పుడైనా గాలికి ఎదురుగానే వదలాలి, ఆకాశంలోకి విసిరినట్టు కాకుండా నేలకి సమాంతరంగా.

రెండు తాడిచెట్ల ఎత్తుకి వెళ్లాక అక్కడ నేర్చుకోండి. కిందే తిరిగితే తప్పు దిద్దుకోవడానికి చోటుండదు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై టెన్షన్ వచ్చేస్తుంది, అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ అటే తోయండి, రెక్కని కింద నుంచి ఎత్తి నిలబెట్టినట్టు సరిపోతుంది. స్పీడ్ తగ్గి ముక్కు వాలిపోతుంటే ఎలివేటర్ లాగొద్దు, వదిలేసి థ్రాటిల్ పెంచండి.

మోటార్ శబ్దం వినగానే గుంటలు పరుగెత్తుకొస్తారు. అందర్నీ మీ వెనక కూర్చోబెట్టి, చూసుకోవడానికి ఒక పెద్దవాణ్ణి పెట్టండి. ఎవరైనా మడిలోకి అడ్డం వస్తే, మనిషి లేని వైపు తిప్పి థ్రాటిల్ కట్ చేసి నేలకి కొట్టేయండి. విమానం పోతే పోయింది.

బ్యాటరీ మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) అయితే ఫుల్ చార్జ్ 12.6 వోల్టులు, ఒక్కో సెల్ 3.5 వోల్టుల కన్నా కిందికి పోకముందే దిగిపోవాలి, అందుకని మొదట్లో టైమర్ ఐదు నిమిషాలకే పెట్టుకోండి. దాచేటప్పుడు సెల్‌కి 3.8 దగ్గర ఉంచండి. రాత్రి చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. కూలిన విమానంలోంచి తీసిన బ్యాటరీని ఆరుబయట ఇటుకల మీద అరగంట ఉంచి చూశాకే ఇంటికి తీసుకెళ్లండి.

విమానం కరెంటు తీగ మీద చిక్కుకుంటే వెదురు గెడతో కూడా లాగొద్దు, పచ్చి గెడలో కరెంటు వస్తుంది. లైన్‌మన్‌కి ఫోన్ చేసి, ఆయన లైన్ ఆపి వచ్చేదాకా పిల్లల్ని ఆ స్తంభం దగ్గరికి పోనివ్వకుండా అక్కడే నిలబడండి.